మా నేల వరికి పనికొస్తుందా? భూసారం, మట్టి పరీక్షల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెల వచ్చిందంటే నా ఫోన్ నిండా మట్టి ఫోటోలే. దోసిట్లో మట్టి పట్టుకుని ఫోటో తీసి, "ఇందులో వరి పండుద్దా అండీ?" అని అడుగుతారు. ఫోటోలో రంగు తెలుస్తుంది, అంతే. ఉప్పు తెలియదు, అడుగున మొరం ఉందో లేదో తెలియదు, పోసిన నీళ్ళు రేపటికి ఉంటాయో లేదో అసలే తెలియదు. ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

వరి విషయంలో నా వరస ఒకటే. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు, ఆ తర్వాతే నత్రజని, భాస్వరం, పొటాష్. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు.

## పొలం చూసేటప్పుడు

మాది ఎర్ర చెల్క. బోరు బాగానే పోస్తోంది. వరి వేయొచ్చా?

బోరు ఎంత పోస్తుందో కాదు, మడి ఎంత తాగుతుందో లెక్క చూడండి. ఎకరం మడిలో ఒక్క మిల్లీమీటరు నీరు అంటే సుమారు 4 వేల లీటర్లు. బంకమట్టి మడిలో ఇంకేదీ, ఎండకు పోయేదీ, పైరు తాగేదీ కలిపి రోజుకు 10 మిల్లీమీటర్లు పోయిందనుకోండి, 40 వేల లీటర్లు. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలలో 25 మిల్లీమీటర్లు పోతే లక్ష లీటర్లు. మీ బోరు గంటకు 10 వేల లీటర్లు పోస్తే మొదటి దానికి నాలుగు గంటలు, రెండో దానికి పది గంటలు. అది ఒక్క ఎకరానికి, ప్రతిరోజూ! మార్చి నెలలో బోరు తగ్గినప్పుడు కూడా అంతే కావాలి.

నీళ్ళతో పాటు వేసిన యూరియా కూడా వేర్ల కిందికి దిగిపోతుంది. అందుకే ఇలాంటి నేలలో "ఎంత వేసినా పైరు పచ్చబడట్లేదు" అనే మాట వినిపిస్తుంది. యాసంగిలో మాత్రం వరి వద్దనే చెబుతాను. వానాకాలంలో, చెరువు కిందో కాలువ కిందో పల్లంలో ఉన్న మడి అయితే ఆలోచించొచ్చు.

నీళ్ళు నిలుస్తాయో లేదో దమ్ము (నీళ్ళు పెట్టి బురదగా దున్నడం) చేయకముందే తెలుసుకునే దారి ఉందా?

ఉంది, పార చాలు. అడుగు లోతు, అడుగు వెడల్పున గుంత తీయండి. సాయంత్రం నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వండి. పొడి మట్టి మొదటిసారి ఎలాగూ గటగటా తాగేస్తుంది, ఆ లెక్క పనికిరాదు. మర్నాడు పొద్దున మళ్ళీ నింపి, ఒక పుల్ల గుచ్చి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. మధ్యాహ్నానికి గుంత సగం కూడా తగ్గలేదంటే ఆశ ఉంది. రెండు గంటల్లో అడుగు కనిపించిందంటే దమ్ము ఎంత బాగా చేసినా కష్టమే. ఇది ప్రయోగశాల కొలత కాదు, మోటు పరీక్ష. రెండు మూడు చోట్ల చేస్తే మడికీ మడికీ తేడా తెలిసిపోతుంది.

చేత్తో కూడా చూడొచ్చు. తడి మట్టిని ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా నొక్కుతూ పోండి. రెండు అంగుళాల పట్టీ తెగకుండా సాగితే బంక పాలు బాగున్నట్టు. ముద్దే కట్టకుండా రాలిపోతే ఇసుక నేల.

నల్లరేగడి అయితే వరికి తిరుగులేదు కదా?

నీళ్ళు పట్టుకోవడంలో తిరుగులేదు, వదలడంలోనే తంటా. మురుగు పోయే దారి లేని నల్లరేగడిలో వరుసగా రెండు పంటలు వరి వేస్తే నేల జాలు పడుతుంది, వేర్లు కుళ్ళుతాయి. సున్నపు గుల్లలు కనిపించే నల్లరేగడిలో జింకు లోపం రాక తప్పదని ముందే అనుకోండి. మురుగు కాలువ చూసుకున్నాకే నేలను మెచ్చుకోండి.

కౌలుకో, కొనడానికో పొలం చూడ్డానికి వెళ్తున్నాం. ఒక్కసారి వెళ్తే ఏం చూడాలి?

పైరు పచ్చగా ఉన్నప్పుడు వెళ్ళొద్దు. అప్పుడు ప్రతి పొలమూ అందంగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో, పంట కోసేశాక వెళ్ళండి. గట్ల వెంబడి, మెరక భాగాల్లో తెల్లటి పొర పేరుకుందా? మన్ను నల్లగా, జిడ్డు పూసినట్టు మెరుస్తోందా? కొయ్యకాళ్ళు ఒకచోట గుబురుగా, ఒకచోట పలచగా ఉన్నాయా? పలచగా ఉన్నచోట కిందటి పైరు ఎందుకు చచ్చిందో అడగండి. కాలువ చివరి భూమి అయితే నీళ్ళు ఎన్నో తారీఖుకు అందుతాయో యజమానిని కాదు, పక్క చేను రైతును అడగండి. పక్కన రొయ్యల చెరువు ఉంటే దాని నీళ్ళు ఎటు వదులుతున్నారో నడిచి చూడండి.

ఆ తర్వాత మూడు అడుగుల గుంత ఒకటి తవ్వించండి. మంచి మట్టి ఎంత లోతుందో, ఎక్కడ మొరం తగిలిందో కంటికే కనిపిస్తుంది. గుంత తవ్వనివ్వని యజమాని దగ్గర పొలం తీసుకోవద్దని మా నాన్న అనేవారు. నేనూ అదే చెబుతున్నాను.

జేసీబీతో చదును చేయించాం. అప్పటినుంచి సగం మడి పండట్లేదు. ఎందుకు?

మెరక కోసి పల్లంలో పోసేటప్పుడు, మెరక వైపున్న పై ఆరు అంగుళాల సారవంతమైన మట్టి కాస్తా పల్లం వైపు వెళ్ళిపోయింది. కోసినచోట బయటపడింది అడుగు మట్టి. అందులో సేంద్రియ పదార్థం ఉండదు, జింకు తక్కువ, కొన్నిచోట్ల సున్నం ఎక్కువ. పైగా ఏళ్ళ తరబడి దమ్ము చేయడం వల్ల నాగలి సాలు కింద ఏర్పడిన గట్టి పొర కూడా పగిలిపోతుంది. నీళ్ళు నిలబెట్టేది ఆ పొరే.

కోసిన భాగానికీ పోసిన భాగానికీ విడివిడిగా మట్టి పరీక్ష చేయించండి. రెండూ కలిపితే వచ్చే సగటు ఏ భాగానికీ సరిపోదు. కోసిన వైపు పశువుల ఎరువు రెట్టింపు తోలి, జీలుగ అనే పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్ని, ఆఖరి దుక్కిలో జింకు సల్ఫేటు వేస్తే రెండు మూడేళ్ళలో దారికొస్తుంది. ఈసారి చదును చేయించేటప్పుడు పై మట్టిని ఒక పక్కకు కుప్ప పోయించి, చదును అయ్యాక మళ్ళీ పరిపించండి. జేసీబీ గంటలు పెరుగుతాయి, నిజమే. పోయే రెండు పంటల కన్నా అది తక్కువే.

## మట్టి నమూనా తీసేటప్పుడు

మట్టి ఎప్పుడు తీయాలి?

పంట కోశాక, తర్వాతి పంటకు ఎరువు వేయకముందు. మనకు ఏప్రిల్, మే నెలలు అన్నిటికన్నా అనువు. నేల ఆరి ఉంటుంది, సార్వా (వానాకాలం పంట) మొదలయ్యేలోపు ఫలితం చేతికొస్తుంది. ఎరువు వేసినా, పశువుల ఎరువు తోలినా నెల, నెలన్నర ఆగి తీయండి.

ఎంత లోతు తవ్వాలి? ఎన్నిచోట్ల?

వరికి ఆరు అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు చాలు. ఎకరానికి ఎనిమిది నుంచి పది చోట్ల, అటూ ఇటూ వంకరటింకరగా నడుస్తూ తీయండి. పైనున్న చెత్తా కొయ్యకాళ్ళూ చేత్తో పక్కకు తోసేయండి, పారతో గీకొద్దు. గీకితే పై మట్టి పోతుంది. 'వి' ఆకారంలో గుంత తీసి ఆ మట్టి పారేయండి. ఇప్పుడు గుంత గోడను పైనుంచి కిందివరకు అంగుళం మందాన చెక్కినట్టు తీయండి. అదీ నమూనా.

అన్నిచోట్ల మట్టీ గోనెపట్టా మీద పోసి, గడ్డలు చిదిపి, బాగా కలిపి గుండ్రంగా పరవండి. రొట్టె కోసినట్టు నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు. అరకిలో మిగిలేదాకా ఇలాగే. దాన్ని నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టండి. సంచి లోపల ఒకటి, బయట ఒకటి చీటీ పెట్టండి. పేరు, సర్వే నంబరు, కిందటి పంట, వేయబోయే పంట రాయండి.

గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలు వేసినచోట, కాలువ ఒడ్డున తీయొద్దు.

ఏ సంచిలో తీసుకెళ్తే ఏమైంది? మట్టి మట్టే కదా?

నేనూ అలాగే అనుకున్నాను. మొట్టమొదట మట్టి పరీక్షకు వెళ్ళినప్పుడు ఇంట్లో ఖాళీగా ఉన్న యూరియా సంచి ముక్క కోసి అందులో కట్టుకెళ్ళాను. మా చుట్టుపక్కల ఎవరికీ రానంత నత్రజని మా పొలానికి వచ్చింది. వారం రోజులు ఊళ్ళో గొప్పగా తిరిగాను కూడా. సంచి మడతల్లో మిగిలిన నాలుగు పలుకులు చేసిన పని అది. ఎరువుల సంచులు, ఉప్పు సంచులు వాడొద్దు. జింకు చూపించాలనుకుంటే తుప్పు పట్టిన గమేళా, జింకు పూత బకెట్టు కూడా వద్దు. ప్లాస్టిక్ తట్ట మేలు.

ప్రభుత్వం ఇచ్చిన మట్టి పరీక్ష కార్డులో ఉన్నది మా పొలం మట్టేనా అని అనుమానం. నమ్మొచ్చా?

అనుమానంలో తప్పులేదు. సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు నీటి వసతి ఉన్న భూముల్లో రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరుంపావు ఎకరాలకు ఒక నమూనా, మెట్టలో 10 హెక్టార్లకు ఒక నమూనా అని లెక్క పెట్టారు. అంత విస్తీర్ణంలో మీ ఎకరంన్నర ఒక మూలన ఉంటే, మట్టి పక్క చేనులోది కావచ్చు. ఊరి నేల తీరు తెలుసుకోవడానికి ఆ కార్డు బాగానే పనికొస్తుంది. ఎరువుల బస్తాలు లెక్కేయడానికి మాత్రం మీ చేతులతో మీ మడి మట్టి తీసి ఇవ్వండి. ఏపీలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో మీ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర అడిగితే ఏ ప్రయోగశాలకు పంపాలో చెబుతారు.

## ఫలితం చేతికొచ్చాక

కార్డులో పన్నెండు అంకెలున్నాయి. ముందు ఏది చూడాలి?

ఎన్‌పీకేను (నత్రజని, భాస్వరం, పొటాష్) చేత్తో మూసేసి ముందు మూడు చూడండి.

మొదటిది ఈసీ, అంటే లవణ సూచిక. మట్టికి రెండింతలో, రెండున్నర ఇంతలో నీళ్ళు కలిపి చూసే మామూలు పరీక్షలో 1 లోపు ఉంటే బెంగ లేదు. అది దాటితే పీహెచ్‌తో కలిపి చదవాలి, నిపుణులకు చూపించాలి. రెండోది పీహెచ్, ఉదజని సూచిక. 5.5 నుంచి 7.5 వరకు హాయి, 8.5 దాటితే కారు చౌడు (క్షార నేల) లక్షణం. మూడోది సేంద్రియ కర్బనం. 0.5 శాతం లోపు తక్కువ, 0.5 నుంచి 0.75 మధ్యస్థం, ఆపైన ఎక్కువ.

ఈ మూడూ బాగుంటేనే మిగతా తొమ్మిదింటికి అర్థం ఉంటుంది. ఉప్పు ఉన్న నేలలో డీఏపీ లాంటి ఎరువుల లెక్కలు వేసుకోవడం, చిల్లు కుండకు మూత వెతుక్కోవడం లాంటిది. ఇక సూక్ష్మపోషకాల్లో వరి రైతు తప్పక చూడాల్సింది జింకు. 0.6 పీపీఎం (పది లక్షల్లో 0.6 వంతు) కన్నా తక్కువుంటే లోపం.

పీహెచ్ 8.2 వచ్చింది. వరి మానేయాలా?

అక్కర్లేదు. కార్డులో ఉన్నది ఆరబెట్టిన మట్టి పీహెచ్. వరి పెరిగేది నీళ్ళు నిలిచిన మట్టిలో. నీళ్ళు పెట్టిన కొన్ని వారాల్లో గాలి అందక నేల రసాయనమే మారిపోతుంది. ఆమ్ల నేలల పీహెచ్ పెరుగుతుంది, క్షార నేలలది తగ్గుతుంది, రెండూ 7 వైపుకు జరుగుతాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పొన్నంపెరుమ అనే శ్రీలంక శాస్త్రవేత్త దీన్ని వివరంగా తేల్చారు. మొక్కజొన్నో పెసరో ఇబ్బంది పడే నేలలో వరి నిలదొక్కుకోవడానికి ఇదొక కారణం.

నీళ్ళు నిలిస్తే భాస్వరం కూడా ఎక్కువగా అందుతుంది. జింకు మాత్రం తక్కువ అందుతుంది. కాబట్టి 8.2 చూసి భయపడాల్సింది వరి గురించి కాదు, జింకు గురించి.

ఊరందరికీ నత్రజని 'తక్కువ' అనే వస్తోంది. ఇది పరీక్షేనా?

పరీక్షే, కానీ మన ఎండలకు నేలలో సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది. కాబట్టి హెక్టారుకు 280 కిలోల లోపు, అంటే 'తక్కువ' రావడమే ఇక్కడ మామూలు. తక్కువ ఉంటే సిఫారసుకు 30 శాతం కలపాలి, ఎక్కువ ఉంటే 30 శాతం తగ్గించాలి అనేది మన దగ్గర వాడుకలో ఉన్న లెక్క. నత్రజని విషయంలో ఆ 30 శాతాన్ని కళ్ళు మూసుకుని కలపొద్దని నా మాట. పొలం బాగా పచ్చబడితే దోమపోటు, అగ్గితెగులు కూడా మెచ్చుకుంటూ వస్తాయి. నాటేటప్పుడు, పిలకల దశలో, అంకురం ఏర్పడేటప్పుడు మూడు దఫాలుగా వేయండి. ఆకుల రంగు పట్టికతో చూసి, అవసరమైతేనే పెంచండి.

భాస్వరం 'ఎక్కువ' అని ఉంది. డీఏపీ పూర్తిగా మానేయొచ్చా?

తగ్గించొచ్చు. లెక్క వేసి చూపిస్తాను. మీ ప్రాంతపు సిఫారసు ఎకరాకు నత్రజని, భాస్వరం, పొటాష్ వరసగా 48-24-16 కిలోలు అనుకుందాం. మామూలుగా అయితే 24 కిలోల భాస్వరానికి 52 కిలోల డీఏపీ కావాలి. 'ఎక్కువ' ఉంది కాబట్టి 30 శాతం తగ్గిస్తే 16.8 కిలోలు, అంటే 36.5 కిలోల డీఏపీ. సుమారు 16 కిలోలు మిగిలింది.

ఇక్కడ చాలామంది మర్చిపోయే మాట ఒకటుంది. డీఏపీలో 18 శాతం నత్రజని కూడా ఉంటుంది. 36.5 కిలోల్లో వచ్చేది 6.6 కిలోలు. మిగతా 41.4 కిలోల నత్రజనికి 90 కిలోల యూరియా, సరిగ్గా 45 కిలోల బస్తాలు రెండు. పొటాష్ 16 కిలోలకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు.

దాళ్వా, యాసంగి నారుమడిలో మాత్రం భాస్వరం తగ్గించొద్దు. చలికి నారు భాస్వరాన్ని సరిగా తీసుకోలేదు. ఇంకో మాట, భాస్వరం అంతా దమ్ములోనే వేయాలి. తర్వాత పైపాటుగా కాంప్లెక్స్ ఎరువు చల్లడం డబ్బు చల్లడమే.

కార్డులో అంకెలు హెక్టారుకు ఉన్నాయి. ఎకరానికి ఎలా?

రెండున్నరతో భాగించండి. భాస్వరం 'పి' రూపంలో ఇచ్చారో, ఎరువుల బస్తా మీద ఉండే రూపంలో ఇచ్చారో కూడా చూసుకోండి. 'పి'ని బస్తా రూపంలోకి మార్చాలంటే 2.29తో, 'కె' అయితే 1.2తో హెచ్చించాలి.

## చౌడు, ఉప్పు, పూడిక మట్టి

మాది చౌడు నేల. జిప్సం వేస్తే పోతుందా?

ఏ చౌడో తెలియకుండా జిప్సం కొనొద్దు. ఎండాకాలం నేల మీద తెల్లటి ఉప్పు పొర కడితే అది పాల చౌడు. ఈసీ ఎక్కువ, పీహెచ్ 8.5 లోపు. దీనికి మందు మంచి నీళ్ళే. చుట్టూ గట్లు వేసి, మడి నింపి, ఉప్పు కరిగాక మురుగు కాలువలోకి వదలాలి. రెండు మూడుసార్లు చేయాలి. జిప్సం దీనికి దండగ.

నేల బూడిద, నల్ల రంగుల్లో ఉండి, తడిస్తే జారుడుగా, ఎండితే రాయిలా మారి, నీళ్ళు ఇంకకుండా రోజుల తరబడి మురికిగా నిలిస్తే అది కారు చౌడు. పీహెచ్ 8.5 పైనే. దీనికి జిప్సం కావాలి. ఎంత అనేది ప్రయోగశాలలో జిప్సం అవసరం పరీక్ష చేసి చెబుతారు. వరి కాస్త తట్టుకునే పైరు కాబట్టి అందులో సగంతో మొదలుపెట్టినా సాగుతుంది. మడిని చిన్న చిన్న మళ్ళుగా చేసి, జిప్సం చల్లి, పై నాలుగైదు అంగుళాల్లోనే కలపండి. నీళ్ళు పెట్టి వారం పది రోజులు నిలిపి, మురుగు తీసేయండి. లోతుగా దున్నితే జిప్సం పలచబడిపోతుంది. తర్వాత జీలుగ ఎకరాకు 10, 12 కిలోలు చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు, దగ్గర దగ్గరగా నాటండి.

మురుగు కాలువ లేకపోతే రెండు రకాల చౌడుకూ ఏం చేసినా వచ్చే వేసవికి ఉప్పు మళ్ళీ పైకి ఎగదన్నుకొస్తుంది.

సముద్రానికి దగ్గర. నాట్లు బతుకుతాయి గానీ తాలు ఎక్కువ. నేల లోపమా?

ఉప్పు దెబ్బ అయ్యుండొచ్చు. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును తట్టుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు, పూత దశలో ఓర్చుకోలేదు. కాలువ నీళ్ళు తగ్గి ఉప్పు పైకి చేరే సమయానికే మీ పైరు పూతకు వస్తోందేమో చూడండి. అలా అయితే నాట్లు ముందుకు జరపాలి. మచిలీపట్నం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంసీఎం 100, ఎంసీఎం 103 లాంటివి ఉప్పును కొంత తట్టుకునే రకాలు. మట్టితో పాటు నీళ్ళు కూడా పరీక్షకు పంపండి. మోటారు పది పదిహేను నిమిషాలు నడిచాక అరలీటరు శుభ్రమైన సీసాలో పట్టండి.

చెరువు పూడిక మట్టి తోలిస్తే మంచిదేనా?

ఎర్ర చెల్కలకు, దుబ్బ నేలలకు చాలా మంచిది. బంక పాలు పెరిగి నీళ్ళు నిలుస్తాయి. నల్లరేగడికి తోలొద్దు, ఉన్న బంకే ఎక్కువ. తోలే ముందు ఆ మట్టికీ ఈసీ, పీహెచ్ చూపించండి. ఊరి మురుగు కలిసే చెరువైతే మరీ ముఖ్యం.

## పైరు మీద ఉన్నప్పుడు

నాటిన మూడు వారాలకు ఆకులు తుప్పు పట్టాయి. తెగులు మందు కొట్టాలా?

ముందు ఆకు వంచి చూడండి. పైనుంచి మూడో, నాలుగో ఆకులో మధ్య ఈనె మొదలు దగ్గర తెల్లబడి, తుప్పు రంగు మచ్చలు వచ్చి, వంచితే చప్పుడు చేస్తూ విరిగితే అది జింకు లోపం. దీనికి తెగులు మందు ఎందుకూ పనికిరాదు. ఉత్తరాదిలో దీన్ని ఖైరా అంటారు. జింకు లోపమే దీనికి మూలమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై.ఎల్. నేనే అనే శాస్త్రవేత్త తేల్చేదాకా అక్కడా తెగులనే అనుకున్నారు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. పురుగుమందుతో కలపొద్దు. వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేయండి. డీఏపీతో కలిపి చల్లితే రెండూ కలిసి కరగని ముద్దవుతాయి, రెండు మూడు రోజులు ఆగి వేయండి.

ఎరువు వేసినా పైరు కదలట్లేదు. మొక్క పీకితే వేర్లు నల్లగా ఉన్నాయి. నేలలో సారం లేదా?

వేర్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే సారం లేక కాదు, గాలి లేక. మురుగు పోని మడిలో సల్ఫైడు చేరి వేర్లను చంపుతోంది. ఇప్పుడు యూరియా వేస్తే తీసుకోవడానికి బతికున్న వేర్లే లేవు. నీళ్ళు తీసేసి, సన్నటి నెర్రెలు వచ్చేదాకా మడి ఆరనివ్వండి. వారం పది రోజుల్లో తెల్లటి కొత్త వేర్లు కనిపిస్తాయి. అప్పుడు నీళ్ళు పెట్టి, పలచగా ఎరువు వేయండి.

మళ్ళీ ఎన్నేళ్ళకు పరీక్ష చేయించాలి?

మామూలు నేలకు మూడేళ్ళకోసారి. చౌడు బాగుచేస్తున్న నేలకు ఏటా, అదీ ఈసీ, పీహెచ్ రెండే చాలు. పాత కార్డులు పారేయకండి. గుంతలు తీసినచోట్లు గుర్తుండేలా కార్డు వెనకాల మడి బొమ్మ గీసి పెట్టుకుంటే, వచ్చేసారి అక్కడే తీయొచ్చు. మా ఇంట్లో అవి విత్తనాల డబ్బాలో ఉంటాయి, ఎలుకలకు అందకుండా.